అరటిబోదెకు ఎముకలు

మా అత్త పేరు తేప్. పొలం గట్టున బొరియ కనిపిస్తే చెయ్యి పెట్టకముందే లోపలున్నది ఎండ్రకాయో పామో చెప్పేసేది. బొరియ నోటి దగ్గర మట్టి నున్నగా ఉంటే పాము, గీతలు పడి ఉంటే ఎండ్రకాయ. ఏళ్ల తరబడి వరిగట్ల వెంట వంగి వంగి నడిచి నడుము వంగిపోయింది. వేళ్ల నిండా గాట్లు. నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఆ చేతులు చూసి జడుసుకున్నాను.

"ఏంటే లువా, అలా గుడ్లప్పగించి చూస్తావ్? ఈ చేతుల్తో నిన్ను కొట్టన్లే. కొడితే నాకే నొప్పి" అంది.

నవ్వితే నల్లటి పళ్లు నిగనిగలాడేవి. ఆ తరంవాళ్లు ఆడా మగా అంతా లక్క పట్టించి పళ్లు నలుపు చేయించుకున్నవాళ్లే. తెల్లపళ్లు కుక్కలకుంటాయని వాళ్ల నమ్మకం. నా మొగుడు త్వాన్ ఈడువాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆ ముచ్చట పోయింది.

"అమ్మా, చీకట్లో నవ్వకే. నోరెక్కడుందో తెలియడం లేదు" అని ఏడిపించేవాడు.

"నీ పళ్లు చూసి ఊరకుక్కలు చుట్టమొచ్చాడనుకుంటాయిరా, ముందు నువ్వు మూసుకో!"

వాడికి చన్నీళ్లంటే చచ్చేంత భయం. దున్నలా పెరిగినవాడు, పెళ్లయినవాడు, చలికాలం వస్తే తల్లి పంపరపనస ఆకులు వేసి నీళ్లు కాచి ఇస్తే తప్ప ఒంటిమీద చుక్క పోసుకునేవాడు కాదు. నాకు ఒళ్లు మండేది. ఏం మగాడమ్మా వీడు, వీడా ఫ్రెంచివాళ్లను తరిమేది, అనుకునేదాన్ని. ఆ ఇంట్లో నవ్వులు విన్నది ఆ ఒక్క ఏడాదే.

అంతకుముందు ఆవిడ బతుకులో ఉన్నదంతా కరువే. మా లెక్కలో ఏడాదికో జంతువు పేరు, అది కోడిపుంజు సంవత్సరంలో వచ్చిన కరువు. జపానువాళ్లు వరి పీకించి జనుము వేయించారు. మిగిలిన ధాన్యాన్ని ఫ్రెంచివాళ్లు ఎత్తుకుపోయారు. జనం చెట్ల బెరడు తిన్నారు, ఆ తర్వాత దారుల్లో పడిపోయారు. మా మామ పోయాడు, నడకైనా సరిగా రాని ఆడపడుచు పోయింది. పొద్దున్నే ఎడ్లబండి వచ్చి ఇంటింటా శవాల్ని ఎత్తుకుని కరకట్ట కింద తవ్విన పెద్ద గోతిలో వేసేది. బండి వెనక నడిచే ఓపిక అత్తకు లేదు. గుమ్మంలో కూర్చుని చూసింది. మొగుణ్ణి బండిలో వెయ్యడం కళ్లారా చూసింది గానీ గోతిలో ఎక్కడ పడ్డాడో ఆవిడకు తెలియదు.

మాలో మనిషిని ఒక్కసారి పూడిస్తే అయిపోదు. మూడేళ్లకు సమాధి తవ్వి, ఎముకలు తీసి, సుగంధపు నీళ్లతో కడిగి, చిన్న మట్టిపెట్టెలో పేర్చి వేరేచోట మళ్లీ పూడ్చాలి. అప్పుడే ఆ మనిషికి ఇల్లు దొరికినట్టు. మా మామకు మూడేళ్లు నిండిన శీతాకాలం అత్త ఆ గోతి గట్టు మీద పొద్దుగూకేదాకా కూర్చుని వచ్చిందట. ఏది ఎవరి ఎముకని ఏరుతుంది?

నేను కాపురానికి వచ్చిన మరుసటేడు, కరువొచ్చిన ఐదేళ్లకు పులి సంవత్సరంలో, కరకట్ట మీద ఫ్రెంచివాళ్లు ఠాణా కట్టారు. ఏ ఇంట్లోనైనా వయసులో ఉన్న మగాడు కనిపించకపోతే వాడు ఫ్రెంచివాళ్లతో పోరాడే దళంలో ఉన్నట్టే లెక్క. ఇల్లు తగలబెట్టి ఆడవాళ్లను ఠాణాకి తీసుకుపోయేవాళ్లు. పక్కవీధి ఆడమనిషి ఒకామెను అలా తీసుకుపోయి కొన్నాళ్లకు వదిలారు. వచ్చాక ఆవిడ ఎవరితోనూ మాట్లాడలేదు. ఒకరోజు చెరువులో తేలింది.

త్వాన్ అప్పటికే దళానికి మాటిచ్చేశాడు. అందుకని అత్త కొడుకుని చంపేసింది. కలరా తగిలిందని ఊరంతా చెప్పింది. కలరా అంటే ఠాణావాళ్లు కూడా ఆ చాయలకు రారు. శవపెట్టెలోకి మనిషంత బరువున్న అరటిబోదె కావాలి. పెరట్లో చెట్టు కొట్టింది స్వయంగా త్వానే.

"ఇదిగో, నాకంటే అందంగా ఉంది. దీన్ని చూసి ఏడవండి, నన్ను చూసి ఏడవక్కర్లేదు" అన్నాడు.

"ఊరుకోరా, నోట్లోంచి ఆ మాటలేంటి?" అంది అత్త.

"ఏమవుతుందే? ఈ బోదె కుళ్లేలోపు వాళ్లని పంపించేసి వచ్చేస్తాగా."

తల్లికంటే ముందు పోయే కొడుకు తలకు తెల్లగుడ్డ చుట్టి పంపడం మా ఆచారం. తల్లి పోయినప్పుడు కట్టాల్సిన గుడ్డ ముందే కట్టుకుపోతాడన్నమాట. అత్త అరటిబోదె కొసన తెల్లగుడ్డ చుట్టి ముడి వెయ్యబోయింది. ముడి పడలేదు. చివరికి నేను వేశాను. పెట్టెకు మేకులు మేమే కొట్టుకున్నాం. ఊరి కాటికాపరి లామ్ తాత కలరా భయంతో దూరం నుంచే దారి చూపించి, మేం పెట్టె దించాక గొయ్యి పూడ్చి వెళ్లిపోయాడు. మొగుడు బతికుండగానే నేను తెల్లబట్ట కట్టాను.

ఇంత తెలివిగా చేసినవాళ్లం ఒక్క సంగతి మర్చిపోయాం. నదిలో కొట్టుకుపోయాడని చెప్పి ఉంటే సరిపోయేది. సమాధి అంటూ కట్టాక మూడేళ్లకు దాన్ని తవ్వాలి. ఆ ఆచారంలో పుట్టి పెరిగిన ఇద్దరు ఆడవాళ్లకు అది తట్టకపోవడమేమిటంటే, మూడేళ్లదాకా ఫ్రెంచివాళ్లు ఉంటారని మేం కల్లో కూడా అనుకోలేదు.

ఏటా దొంగ తద్దినం వచ్చేది. బతికున్న కొడుకు పేర అన్నం గిన్నె పెట్టాలంటే అత్తకు ప్రాణం పోయేది. జనం చూస్తుండగా అగరువత్తులు వెలిగించేది, వాళ్లు వెళ్లగానే వేళ్లతో నలిపి ఆర్పేసేది. ఆ పొగ వాడికి చేరకూడదని.

పాము సంవత్సరం మొదట్లో, కొత్త సంవత్సరం పండగకి మునసబు బాత్ మా ఇంటికొచ్చాడు. తాంబూలం పెడితే తీసుకుని నోట్లో కుక్కుకున్నాడు. మహానుభావుడికి ఠాణావాళ్లు ఇచ్చిన గొడుగొకటి ఉండేది. ఎండా వానా లేకపోయినా దాన్ని చంకలోంచి దించేవాడు కాదు.

"ఏం తేప్, వచ్చే శీతాకాలంతో మీవాడికి మూడేళ్లేగా? ఎముకలు తీయిస్తున్నావా?"

"తీయించకపోతే ఎలాగండీ" అంది అత్త.

"తీయించు, తీయించు. నేనే వచ్చి నిలబడతా. ఎందుకంటావా? ఠాణావాళ్లకు దొరికినవాడెవడో తన్నులు తింటూ త్వాన్ అనే పేరు చెప్పాడట. మా ఊరి త్వాన్ చచ్చి ఎప్పుడో పుచ్చిపోయాడండీ అని నా తల తాకట్టు పెట్టి చెప్పొచ్చాను. నా తల నా మెడ మీదే ఉండాలి మరి. ఏమమ్మా కోడలా, నిజమేనా?"

నేను తలొంచుకుని ఏడ్చాను. అప్పటికి ఆ ఏడుపు నాకు బాగా చేతనయింది, కుళాయి తిప్పినట్టు వచ్చేది.

ఆయన వెళ్లాక అత్త రోలు ముందుకు లాక్కుంది. ఎండ్రకాయల్ని రోట్లో వేసి దంచుతూ కూర్చుంది.

"అత్తా, పెట్టెలో బురదనీళ్లు తప్ప ఏముంటాయి? ఏం చూపిస్తాం?"

"ఎముకలు చూపిస్తాం" అంది.

"ఎక్కణ్ణించి తెస్తావ్?"

రోకలి ఆపి కరకట్ట వైపు చూసింది. నాకు అర్థమైంది. చచ్చినవాళ్లను కదిలిస్తే వాళ్లు ఊరుకోరు, దిక్కులేనివాళ్లయితే అసలే ఊరుకోరు. అది నాకంటే ఆవిడకు బాగా తెలుసు.

మూడోనెలలో సమాధుల పండగ. అందరూ తమవాళ్ల దిబ్బల మీద కొత్తమట్టి పోస్తారు, కాబట్టి ఎవరి సమాధి దగ్గర తాజామట్టి కనిపించినా ఎవరూ పట్టించుకోరు. దానికి ముందురోజు, ఆ నెలలో పట్టే సన్నటి తుంపరలో, మసకచీకటివేళ మేమిద్దరం ఎండ్రకాయల వంకన గోతి దగ్గరికెళ్లాం. అత్త బోర్లా పడుకుని భుజందాకా మట్టిలో చెయ్యి పెట్టింది. బొరియలో పెట్టినట్టే.

నేను కావడిబుట్ట పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. దగ్గరికి వంగితే వినిపించింది.

"బాబూ, ఎవరివో ఏమో. నా కొడుకు పేరు నీకిస్తా. నా చేత్తో కడుగుతా, ఏటా అన్నం పెడతా. నాతో వచ్చెయ్. వాడి జోలికి మాత్రం పోకు."

పొడుగాటి తొడ ఎముక ఒకటి పైకి తీసి కొలిచినట్టు తన కాలి పక్కన పెట్టుకుంది. త్వాన్ పొడగరి. వాళ్ల నాన్న పోలిక. ఆ ఎముకను పట్టుకుని ఆవిడ ఏమనుకుందో నేనడగలేదు. ఆ గోతిలోనే కదా ఆయనా ఉన్నది. చీకట్లో, తుంపరలో, చేతికి దొరికిన తలను అత్త తన తలగుడ్డలో చుట్టేసింది. ఎముకలు అడుగున, గడ్డి మధ్యన, పైన ఎండ్రకాయలు. ఇంటికెళ్లే దారి ఠాణా ముందునుంచే.

కాపలావాడు మనవాడే, పక్క జిల్లా కుర్రాడు. తెల్లవాళ్ల టోపీ పెట్టుకుని చలికి వణుకుతున్నాడు.

"పిన్నీ, ఏంటి బుట్టలో? ఆపు ఆపు."

"ఎండ్రకాయలు నాయనా. తీసుకో నాలుగు."

"నాలుగేంటి, పిసినారిదానా" అంటూ తుపాకి చంకన పెట్టి బుట్టలోకి చెయ్యి దించాడు. మణికట్టుదాకా పోయింది చెయ్యి. అంతలో "అబ్బా!" అని కెవ్వున అరిచి చెయ్యి లాగాడు, వేలికి ఎండ్రకాయ వేలాడుతోంది.

"చూసి పట్టుకోవద్దూ! మీ అమ్మ నేర్పలేదా?" అని కసిరి అత్త దాని డొప్ప నొక్కి విడిపించింది. గుప్పెడు ఎండ్రకాయలు వాడి టోపీలో వేసింది. వాడు వేలు చీకుతూ నవ్వాడు. రెండు వంపులు తిరిగాక అత్త గట్టుమీద కూలబడి వాంతి చేసుకుంది.

ఆ తెల్లవారుజామునే దిబ్బ తవ్వి పెట్టె తెరిచాం. అరటిబోదె నల్లటి నీళ్లయిపోయింది. కుళ్లేలోపు వస్తానన్నవాడు రాలేదు. ఎముకలు లోపల పేర్చి, తలకు తెల్లగుడ్డ చుట్టి, బురద పులిమి, పైన పండగమట్టి పోసి వచ్చాం.

పదోనెలలో మంచిరోజు చూసి ఎముకలు తీయడానికి పెట్టుకున్నాం. రేపు అనగా ఆ సాయంత్రం ఉప్పు అమ్మే మనిషి వచ్చింది. దళం కబుర్లు తెచ్చేది ఆవిడే. ఉప్పు కొలుస్తూ తలెత్తకుండా చెప్పింది.

"అక్కా, మనసు గట్టి చేసుకో. త్వాన్ పోయాడు."

అత్త రోట్లో ఎండ్రకాయలు దంచుతోంది. దంపుడు ఆగలేదు.

"నది దాటుతుంటే కాల్చారు. పడవ తిరగబడింది. మనవాళ్లు కింది రేవులదాకా వెతికారు. దొరకలేదు అక్కా."

ఎండ్రకాయలు గుజ్జయిపోయి నీళ్లయిపోయినా ఆవిడ దంచుతూనే ఉంది. ఉప్పు మనిషి వెళ్లిపోయింది. నేనే వెళ్లి రోకలి లాక్కున్నాను.

"అత్తా, ఆపు. ఇంక రేపెందుకు? పోయినవాణ్ణి దాచేదేముంది? మునసబు వస్తే నీ ఇష్టమొచ్చింది చేసుకోరా అందాం."

"దాచాల్సిన మనిషి ఇంకా ఉంది" అంది.

"ఎవరు?"

"నువ్వే. పెట్టెలో దొంగ ఎముకలని తెలిస్తే నిన్ను ఠాణాకి తీసుకుపోతారు. వాడు పోయాడు. నువ్వన్నా ఉండొద్దూ నాకు?" అని లేచి, "ఆకులు కోసుకురా. నీళ్లు కాచాలి" అంది.

పంపరపనస ఆకుల కోసం నేను పెరట్లోకి వెళ్లాను.

ఎముకల మీద ఎండ పడకూడదు కాబట్టి చీకటుండగానే తవ్వుతారు. చుట్టూ చాపలు కట్టారు. లామ్ తాత గోతిలోకి దిగి నల్లనీళ్లలో తడుముతూ ఒక్కొక్కటే అందిస్తున్నాడు. అత్త కుండలో వెచ్చటి నీళ్లతో కడిగి మట్టిపెట్టెలో పేరుస్తోంది. మునసబు ముక్కుకు గుడ్డ అడ్డుపెట్టుకుని, గొడుగు నేలకు ఆన్చి, దీపం దగ్గరే నిలబడ్డాడు.

నేను ఏడవాలి. పెళ్లాన్ని కదా. మూడేళ్లు దొంగ ఏడుపు ఏడ్చినదాన్ని, ఆ రోజు నిజంగా ఏడవాల్సినప్పుడు ఒక్క చుక్క రాలేదు. కళ్లు ఇసక పోసినట్టు మండుతున్నాయి.

"కోడలి కళ్లు ఎండిపోయాయే! కొత్త మొగుణ్ణి చూసుకుందేమో" అన్నాడు మునసబు. ఒకరిద్దరు నవ్వారు. ఆయన నవ్వలేదు, నన్నే చూస్తున్నాడు.

అప్పుడు లామ్ తాత తలను పైకి తీశాడు. కుండలో ముంచి బురద కడిగాడు. దీపం వెలుగు పడింది. ఆ పళ్లు నల్లగా, లక్క పట్టించి నిగనిగలాడుతున్నాయి.

తాత చెయ్యి ఆగిపోయింది. త్వాన్ తెల్లపళ్లు ఊళ్లో తెలియనిదెవరికి? తాత అత్త మొహంలోకి చూశాడు.

"ఏంటి ఆగావ్? ఇలా తిప్పు, చూడనీ" అంటూ మునసబు ముందుకు వంగాడు.

అత్త ఒక్క కేక పెట్టి ఆ తల మీద పడిపోయింది. రెండు చేతుల్తో గుండెకు అదుముకుంది.

"నాయనా త్వాన్! చలేస్తోందారా! నీళ్లు చల్లగా ఉన్నాయారా! చన్నీళ్లు పోసుకోలేవు కదరా నువ్వు! ఒక్కడివే ఎలా ఉన్నావురా ఆ నీళ్లలో!"

చుట్టూ ఉన్నవాళ్లు సమాధిలో ఊరిన నీళ్లనుకున్నారు. ఏ నీళ్లో నాకు తెలుసు. ఊళ్లో అంతకుముందు చాలా ఏడుపులు విన్నారు గానీ అలాంటిది వినలేదు. ఆడవాళ్లంతా బావురుమన్నారు. నాకు కూడా అప్పుడు వచ్చింది ఏడుపు, పొట్టలోంచి తన్నుకుని వచ్చింది. ఆ సందట్లో తాత మెల్లగా ఆమె చేతుల్లోంచి తలను తీసుకుని, జారిన తెల్లగుడ్డను నోటి మీదికి లాగి బిగించి, పెట్టెలో పెట్టి మూత వేసేశాడు.

"మంచి నేల మునసబుగారూ. ఎముక శుభ్రంగా వచ్చింది. ఇంక తెల్లారిపోతోంది, ఎండ తగలకూడదు" అన్నాడు.

మునసబు కాసేపు నిలబడి, ముక్కు చీది, గొడుగు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆయన ముక్కు చీదింది జాలితోనో చలికో నాకు తెలియదు. జాలిపడి ఉంటే ఆ జాలి ఆయన దగ్గరే ఉండనీ.

ఆ సాయంత్రం అత్త అగరువత్తులు వెలిగించింది. ఆర్పలేదు. అవి కొసదాకా కాలి బూడిదయ్యేదాకా చూస్తూ కూర్చుని, "నేనే పిలిచానే చావుని. బతికున్నవాడికి సమాధి కట్టాను. అది అడ్రసు చూసుకుని వచ్చింది" అంది. కాదని వెయ్యిసార్లు చెప్పాను. ఎక్కలేదు.

మరుసటేడు వేసవిలో ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయి ఠాణా ఖాళీ అయింది. మునసబు ముందే ఎటో పోయాడు. దళంవాళ్లు వచ్చి, అసలు సంగతి మా నోట విని, ఆ పెట్టెలోని ఎముకల్ని తీసి గోతిలోనే కలిపేద్దామనీ, త్వాన్ పేర వేరే గుర్తు కడదామనీ అన్నారు. అత్త ఒప్పుకోలేదు.

"ఆయనకి మాటిచ్చాను. అన్నం పెడతానన్నాను. ఆయన్ని కదిలించకండి."

వాళ్లు వెళ్లాక నేనడిగాను, "అత్తా, మామయ్యేనంటావా?"

"ఏమో. ఆ తరం పళ్లన్నీ నలుపేగా. పరాయి మగాడే అనుకో, ఇన్నాళ్లు వండి పెట్టాను, ఇప్పుడు సిగ్గుపడి ఏం లాభం" అంది. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

ఎండ్రకాయలు పట్టడం మాత్రం మానేసింది. నదిలో పోయినవాళ్లను అవే తింటాయని ఆవిడకు తెలుసు. నేను వాటి కూర వండితే గిన్నె తోసేసేది. అయినా పొద్దున్నే నడుముకి బుట్ట కట్టుకుని నది ఒడ్డుకు పోయేది. నదిలో నీళ్లు తగ్గినప్పుడల్లా బురదలో మోకాళ్ల మీద కూర్చుని, భుజందాకా చెయ్యి పెట్టి తడుముతూ, ఒక్కో రేవూ కిందికి కిందికి పోయేది. ఖాళీ బుట్టతో తిరిగొచ్చేది. ఊళ్లోవాళ్లు మతి పోయిందన్నారు. నేను మొదట్లో బతిమాలాను, తర్వాత కేకలేశాను, చివరికి నేనూ వెంట వెళ్లడం మొదలుపెట్టాను.

ఒక శీతాకాలం ఆవిడ చేతులు నీలుక్కుపోయి ఉంటే నా చంకల్లో పెట్టుకుని ఒడ్డున కూర్చోబెట్టాను. "అత్తా, ఇంక చాలు. దొరకడు" అన్నాను.

"దొరకడని నాకూ తెలుసే" అంది, నీళ్లకేసి చూస్తూ. "నేను ఆ గోతిలో చేతికందిన ఎముకలు తెచ్చుకోలేదూ? అలాగే కింది రేవుల్లో నాలాంటిది ఎవత్తో వాణ్ణి తెచ్చుకునే ఉంటుంది. దాని కొడుకు పేరే పెట్టుకుని ఉంటుంది. పెట్టుకోనీ. అన్నం పెడుతూనే ఉంటుంది. నాకు అదేం బాధ లేదు."

"మరి ఇంకేంటి అత్తా?"

"కడిగేటప్పుడు నీళ్లు కాచిందో లేదో" అంది.